కన్నతల్లికి పిన్ని ఏడుపు

చావింట్లో ఏడుపులు రెండు రకాలు. తల్లో తండ్రో పోతే కన్నబిడ్డలు "ఐగో, ఐగో" అని గుండెలు బాదుకుని ఏడవాలి. పిన్ని పోయినా పెదనాన్న పోయినా "ఒయీ, ఒయీ" అని మర్యాదగా, గొంతు దాటకుండా ఏడవాలి. కొరియా అంతటా ఇదే ఆచారమేమో గానీ, ఆండాంగ్ కొండల్లో మా డోల్నే ఊరివాళ్లకి పట్టింపు మరీ ఎక్కువ. ఆ మాటకొస్తే ఐగో ఏమంత అపురూపమైన మాట కాదు. వేలు కాలినా, కుండ పగిలినా మా నోట వచ్చేది అదే. పాడె ముందు మాత్రం అది కన్నబిడ్డల సొత్తు, పరాయివాడు అందుకుంటే నలుగురూ నోళ్లు నొక్కుకుంటారు.

తేగ్యు ఎనిమిదో ఏట దత్తు పోయాడు. దూరమేమీ కాదు, గోడ అవతలికే. పెద్దింటి పెదనాన్నకు కొడుకులు లేరు. పెద్దింట్లో పూర్వీకులకు అన్నం పెట్టే చెయ్యి లేకపోతే వంశమంతా పస్తున్నట్టే లెక్క. అందుకని తమ్ముడి పెద్దకొడుకును తెచ్చుకున్నారు. అన్న అడిగాడు, తమ్ముడు ఇచ్చాడు. కన్న తల్లిని ఎవరూ అడగలేదు. ఆమెను ఊరంతా బమ్‌గోల్ ఆవిడ అనేవారు, అది ఆమె పుట్టింటి ఊరు. అసలు పేరు పెళ్లినాడే పోయింది, ఇక ఆమె మాట ఎవడికి కావాలి?

దత్తు వెళ్లే పొద్దున ఆమె వాడికి తల దువ్వి, అన్నం కుండ అడుగున అంటుకున్న మాడుచెక్క గీకి చేతిలో పెట్టింది. మాడుచెక్కంటే వాడికి ప్రాణం.

"అమ్మా, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. తమ్ముడికి పెట్టకు, నాకే ఉంచు."

"మీ అమ్మ పెద్దింట్లో ఉంది. నేను పిన్నిని. ఇక వెళ్లండి బాబూ," అందామె.

కన్నకొడుకుని 'వెళ్లండి' అంది! మర్యాద మండిపోను! వాడు ఆటనుకుని కిలకిలా నవ్వుకుంటూ వెళ్లాడు.

ఆట కాదని తెలియడానికి ఎన్నాళ్లో పట్టలేదు. గోడ అవతల తమ్ముడు తేసిక్ "అమ్మా" అని పిలిస్తే ఇవతల వీడి గుండె జల్లుమనేది. ఒకసారి జ్వరం కాగిపోతుంటే గోడ దూకి వెళ్లి ఆమె తలుపు కొట్టాడు. ఆమె లోపల గడియ పెట్టింది. "పెద్దింటి బాబుగారు దారి తప్పారు, ఎవరైనా దింపి రండి," అని కేకేసింది. ఆ కేక వెనకే వెక్కిళ్లు కూడా వాడికి వినిపించాయి.

దత్త తండ్రి చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి పనికొచ్చేవాడు. ఖర్మ, ఆయన మంచివాడు. పిల్లాణ్ణి పక్కన కూచోబెట్టుకుని నిదానంగా చెప్పేవాడు: "మనిషి పుట్టుకతో మంచివాడే నాయనా. గట్టు లేని వాగులోనూ ఉండేది నీళ్లే, కాని చేను ముంచేస్తుంది. ఆచారమే గట్టు. గట్టేస్తే నీళ్లెక్కడికీ పోవు."

తేగ్యు ఆ మాట నమ్మాడు. నీళ్లెక్కడికీ పోవు. ఆ ధైర్యంతోనే వంగి దణ్ణం పెట్టడం, పళ్లెంలో పళ్లు పేర్చడం, ఎవరి చావుకి ఎంత వంగాలో, ఎంత ఏడవాలో అన్నీ నేర్చాడు. పెద్దింటి యజమాని అయ్యాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, తల నెరిసింది. వాగు దగ్గర ఎదురుపడితే ఆమె పక్కకు తప్పుకుని తల వంచేది. "కులాసానా పిన్నీ?" అనేవాడు. "మీ దయ," అనేది.

ఆమె మంచం పట్టిందని తెలిసి తేగ్యు చూడబోయాడు. బావగారి కొడుకు హోదాలోనే లెండి, లేకపోతే ఇంకే హోదా ఉందని! కాసేపటికి గదిలో ఇద్దరే మిగిలారు.

"దగ్గరికి రండి," అంది. ఆ వెంటనే, "రారా," అంది.

నలభై ఏళ్ల పైమాట ఆ పిలుపు విని. అతను నోరు తెరవబోతే ఆమె ఎండిన చేత్తో మూసేసింది.

"ఇప్పుడొద్దురా. వాకిట్లో జనం ఉన్నారు, పెద్దింటి పరువు పోతుంది. నా పాడె లేచేటప్పుడు ఏడువు. ఐగో అని ఏడువు. ఆ గోలలో ఎవడు పోల్చుకుంటాడు? వాగు దాటేదాకా పోయినవాళ్లకి వినపడుతుందంటారు. నేను వింటూ ఉంటా."

"ఏడుస్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

తెల్లారేసరికి ఆమె పోయింది.

పాడె సిద్ధమైంది. తేసిక్ నారబట్టలు కట్టి, కొడుకు పట్టే కర్ర పట్టి, "ఐగో, ఐగో" అని ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. తేగ్యుకి కర్ర లేదు, నిలబడే చోటు రెండో వరస. ఆచారాల దగ్గర చండశాసనుడని పేరుపడ్డ సుంగ్‌మో తాత, ఆ ఒట్టు సంగతి తెలిసో తెలియకో, అతని చెవి దగ్గరకొచ్చాడు.

"ఒరే, నాకు పొద్దుట్నుంచి చెవుడు ముదిరింది. నా పక్కనోళ్లకీ అంతే. నీ ఇష్టమొచ్చినట్టు ఏడువు, ఎవడేమంటాడో నేను చూస్తా."

తేసిక్ వెనక్కి చూసి, పక్కకి జరిగి మొదటి వరసలో చోటిచ్చాడు. ఇంకేం కావాలి? గంట మోగింది. మోసేవాళ్లు పాడె లేపారు. తేగ్యు గుండె నిండా ఊపిరి పీల్చి నోరు తెరిచాడు.

"ఒయీ," అన్నాడు. "ఒయీ, ఒయీ."

మళ్లీ ప్రయత్నించాడు. ఒయీ. ఎంత గింజుకున్నా గొంతు అదే పలికింది. ఎక్కడా శ్రుతి తప్పకుండా, హెచ్చుతగ్గులు లేకుండా, ఎవరు విన్నా మెచ్చుకునేలా పలికింది. కళ్లలో చుక్క లేదు. అమ్మ వింటోంది, వింటోందని తనని తానే తిట్టుకుంటూ, పిన్నికి ఏడ్చినట్టే ఏడుస్తూ వాగుదాకా నడిచాడు. పాడె వాగు దాటింది.

మట్టి చేశాక పెద్దలు చుట్టూ చేరారు. "పోయింది కన్నతల్లైనా గీత దాటలేదు. పెద్దింటివాడంటే ఇలా ఉండాలి," అన్నారు. సుంగ్‌మో తాత ఒక్కడే మొహం తిప్పుకున్నాడు.

తిరుగు దారిలో వాగు దాటి గట్టెక్కుతుంటే తేగ్యు కాలికి రాయి తగిలింది. బొటనవేలి గోరు లేచిపోయింది.

"ఐగో!"

గొంతు చించుకుని వచ్చింది, కొండ మారుమోగింది. ముందు నడుస్తున్న తేసిక్ ఆగి వెనక్కి తిరిగాడు. అన్న వేలి నెత్తురు చూశాడు, మొహం చూశాడు.

"ఇప్పుడొచ్చిందా అన్నయ్యా?" అన్నాడు.

తేగ్యు కాలు పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. అప్పటికి ఆమెను వాగు దాటించి ఒక పూటైంది.