బెల్టుకి కొత్త బెజ్జం

మా అయ్య చేపల వేటకెళ్లే మనిషే గానీ సముద్రంలో పోలేదు. మంచం మీద పోయాడు, పొట్ట ఉబ్బి, చేతులు పుల్లలై. చివరి రోజుల్లో అమ్మ ఆయన మణికట్టు చుట్టూ వేళ్లు పోనిచ్చి చూసుకునేది. ఎంత చిక్కాడో ఆమెకి అదే కొలత.

తొంభైల చివర్లో నేను ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాణ్ణి. రక్తదానానికి వెళ్తే నా రక్తం పనికిరాదన్నారు. హెపటైటిస్ బి ఉందట, ఏళ్లుగా ఉండి ఉంటుందట. అయ్య పోయిన తీరు విని, మీ నాన్న కూడా దాంతోనే పోయి ఉండొచ్చు అన్నాడు డాక్టరు.

అమ్మకి కాలేయం జబ్బంటే పచ్చకామెర్లే. కామెర్లంటే పత్యం. "నీసు ముట్టుకోకు నాయినా," అంది. కళ్లు పచ్చబడిందీ లేదు, ఏమీ లేదు. అయినా చేపలమ్ముకు బతికే కొంపలో నాకు చేపముక్క బందైంది. పంచదార కలిపిన పెరుగన్నం, గ్లూకోజు నీళ్లు, పూటకో గ్లాసు చెరుకురసం. ఎవరైనా ఆ పత్యం నెలో రెండు నెలలో చేస్తారు. నాది ఏళ్లకేళ్లు సాగింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. నేను లావెక్కేకొద్దీ అమ్మ మొహం తేటపడేది. నాకూ ధైర్యంగానే ఉండేది. లావుగా ఉన్నవాడు అయ్యలా పోడు కదా.

కొన్నేళ్లకి స్కానింగు తీసిన డాక్టరమ్మ తల పట్టుకుంది. కాలేయం నిండా కొవ్వు, క్లోమంలోనూ కొవ్వే. "ఆ వైరస్ చాలదా మీకు? చెరుకురసం మానండి. చేపలు తినండి, నడవండి," అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

నడిచాను. బరువు తగ్గింది. మేకుతో బెల్టుకి కొత్త బెజ్జం పెట్టుకున్న రోజున అసలు భయం పట్టుకుంది. ఇది నడకకి తగ్గిందా, లోపల్నుంచి అయ్య జబ్బు తినేస్తోందా? తలుపేసుకుని నా మణికట్టు నేనే కొలుచుకునేవాణ్ణి. డాక్టరమ్మ బాగుందన్నా నమ్మబుద్ధయ్యేది కాదు.

ఒకరోజు అన్నం దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు మణికట్టు చుట్టూ తిరిగి కలుసుకున్నాయి.

"ఏటిరా, ఇలా సిక్కిపోతన్నావ్?"

"డాక్టరమ్మే తగ్గమందమ్మా. మంచిదేనంట."

"మీ అయ్య కూడా ఏటీ కాదనే సెప్పీవోడు."

లేచి వెళ్లి, బండి దగ్గర పట్టించి దాచిన చెరుకురసం తెచ్చి నా ముందు పెట్టింది. అది నాకు చేటని తెలుసు. తెలిసే గుక్క తిప్పుకోకుండా తాగేశాను. ఆ పూటకి ఇద్దరికీ భయం తగ్గింది.