అత్త చెప్పని సగం మాట

మానుకోటలో పొద్దున్నే చాయ్ తాగుతుంటే ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది" అన్నాడు. అయ్యో అనాలి, ఎప్పుడు అని అడగాలి. నా నోటి నుంచి వచ్చింది మాత్రం, "పోయేముందు ఏమన్నా చెప్పిందా?" అని. వాడు, "సల్ల తాగుత అన్నది. తాగింది. గంతే" అన్నాడు.

ఆ ప్రశ్న అడిగినందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను. మా మేనత్త, అంటే మా బాపు చెల్లెలు, తొంభై ఏళ్ళకు దగ్గరపడి పోయింది. అందులో అరవై ఏళ్ళకు పైగా నేను ఆమెను అనుమానించాను. అనుమానం నా స్వభావమే. ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేశాను, పరీక్ష హాల్లో ఎవరి పెన్ను కిందపడ్డా నా కళ్ళు దాని వెంటే పోయేవి. కానీ అత్త మీది అనుమానం ఉద్యోగంతో వచ్చింది కాదు, చిన్నప్పుడే వచ్చింది.

సాయుధ పోరాటం రోజులు. మాది లింగాల ఘనపూర్‌కు దగ్గరి పల్లె. రజాకార్ల బెడద తీరిందనుకునేలోపే ఊరి దొర అండతో పోలీసు క్యాంపు వచ్చింది. ఎవరింట్లో పొయ్యి కాస్త ఎక్కువసేపు మండినా పక్కింటివాళ్ళు తొంగిచూసేవారు. బావి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటూ ఉంటే, మూడో మనిషి రాగానే మాట వానల మీదికి మళ్ళేది. మా మామ, అత్త భర్త, సంఘంలో తిరిగి దళంలో చేరాడు. ఆయన కోసం పోలీసులు వచ్చిన ప్రతిసారీ ఊరంతా ఒకటే చెప్పింది, కాటారం అడవుల దిక్కు దాటిపోయాడు, ఇక రాడు అని. నిజానికి మామ కాలికి దెబ్బ తగిలి, నడవలేక, మా ఊరి వెనక గుట్టలో రెండు బండల నడుమ పడుకొని ఉన్నాడు. ఆ సంగతి మా ఇంటి పెద్దవాళ్ళకూ, పక్కింటి గొర్లకాపరికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్త కూర గిన్నె కొంగు చాటున పెట్టుకొని గుట్టకు పోయింది. పొద్దు వాలకముందే తుపాకుల చప్పుడు వినిపించింది. అత్త ఒక్కతే తిరిగి వచ్చింది. గిన్నె మూత తియ్యలేదు.

నాకప్పుడు పదేళ్ళు. మామంటే ప్రాణం. నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకొని జొన్నచేను మీది పిట్టలను చూపించేవాడు. ఆయన ఉన్న చోటు ఎవరు చెప్పారు? అప్పటి నుంచి నాకు ఇదొక్కటే ప్రశ్న.

ముందుగా ఊరి వేలు గొర్లకాపరి మీదికి పోయింది. అంతకు రెండు రోజుల ముందు ఆయన్ను క్యాంపుకు పిలిచారు. ఒక్క దెబ్బ కూడా తినకుండా తిరిగి వచ్చాడు. ఆ కాలంలో దెబ్బలు తినకుండా రావడమే పెద్ద నేరం. మూడో రోజు సంఘం మనుషులు వచ్చి ఆయన చేతులు కట్టి గొర్ల దొడ్డి ముందు కూర్చోబెట్టారు. చెప్పినవాడికి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆయన పెళ్ళాం నేల మీద పడి ఏడుస్తోంది. అప్పుడు అత్త వచ్చింది.

"ఆయన్ను ఇడిశిపెట్టుండ్రి. ఆయన ఏం చెప్పలే. నేను కూర తీస్కపోతుంటె నా ఎనుకనే వచ్చిండ్రు. నేనే సూస్కోలే" అంది.

"నీ ఎనుక ఎందుకొస్తరక్కా? ఎవరో చెప్తెనే గద వచ్చేది?"

"నా ఎనుకనే వచ్చిండ్రు" అని మళ్ళీ అదే మాట. ఎంత అడిగినా రెండో మాట లేదు. చివరికి గొర్లకాపరి కట్లు విప్పారు. భర్త పోయిన ఆడమనిషిని ఏమీ అనలేక వెళ్ళిపోయారు.

వాళ్ళు వదిలేశారు గానీ ఊరు వదల్లేదు. "ఎనుక వచ్చిండ్రో, ఈమెనే తోల్కపోయిందో" అన్నారు. పోలీసులకు భయపడి మొగుణ్ణి పట్టిచ్చిందని అన్నారు. అత్త బావికి వస్తే బొక్కెనలు తొందరగా పైకి లేచేవి. ఊరితోపాటు నేనూ నమ్మాను. నమ్మడం తేలిక, ఆమె తన నోటితోనే చెప్పింది కదా.

ఆ తర్వాత అత్త మా ఇంటికే వచ్చేసింది. ఆరు నెలలు ఏడ్చింది. పనిచేస్తూ ఏడ్చేది, అన్నం ముందు కూర్చొని ఏడ్చేది, ఎవరున్నారని కూడా చూసేది కాదు. ఒకరోజు కలుపుకు పోయి వస్తూ, ఎవరో ఏదో అన్నారని పకపకా నవ్వింది. నా ఒళ్ళు మండిపోయింది. అంత తొందరగా నవ్వు ఎలా వస్తుంది? "మామ యాదికి వస్తలేడా?" అని నిలదీశాను. అత్త తట్ట దించి, "ఏడుపొస్తె ఏడుస్త బిడ్డా. అయిపోయినంక మొఖం కడుక్కుంట. నవ్వొస్తె దాన్నెందుకు ఆపాలె?" అంది.

అప్పటి నుంచి ఆమె మీద ఒక కన్ను వేసి ఉంచాను. ఏ చీర కొనిచ్చినా వారం తిరిగేసరికి అది ఏ కూలి మనిషి ఒంటి మీదో కనిపించేది. ఊరి నోళ్ళు మూయించడానికే ఇస్తోంది అనుకున్నాను. మంచం మీద ఒరిగితే చాలు నిద్రపోయేది. తప్పు చేసినవాళ్ళకు నిద్ర పట్టదంటారు, ఈమె ఎంత గట్టి మనిషి అనుకున్నాను. పెళ్ళిళ్ళకు ఎవరూ పిలిచేవారు కాదు. "మంచిదే, నా ఇంట్ల నేను ఉడుకుడుకు బువ్వ తింట" అని నవ్వేది. ఆ మనిషి ఏం చేసినా దానికి నా దగ్గర ఒక వంకర అర్థం సిద్ధంగా ఉండేది.

ఉద్యోగం వచ్చాక ఒకసారి సూటిగానే అడిగాను.

"అత్తా, చెప్పింది ఎవరో నీకు ఎరుకేనా?"

"ఎరుకైతె ఏం జేస్తవ్?"

"అడుగుత."

"అడిగినంక?"

నేను సంచీ సర్దుకోసాగాను. "గా బరువు నేను దించుకొని శానేండ్లాయె. నువ్వు ఎత్తుకుంటనంటవేంది బిడ్డా?" అని చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చుంది. దొరికిపోతానని మాట తప్పించింది అనుకొని నేను మానుకోట బస్సెక్కాను.

ఇప్పుడు జనగామలో రైలు దిగి ఊరికి పోయేసరికి అంతా అయిపోయింది. మూడో రోజు పిట్టకు, అంటే కాకికి, పెట్టడానికి అత్తకు ఇష్టమైనవన్నీ వండారు. గొర్లకాపరి పెళ్ళాం, ఆమెకూ ఎనభై దాటాయి, కట్టె పట్టుకొని వచ్చి నా పక్కన కూలబడింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది.

"మీ అత్త మా ముసలోని దగ్గర మాట తీస్కున్నది, ఆమె ఉన్నన్నాళ్ళు నోరిప్పొద్దని. ఇగ ఆమె లేదు. నువ్వామెను గట్ల సూసుడు ఇన్నేండ్లు సూశిన" అంది. "గా ఐతారం పొట్టేలును కోసినం, యాదికున్నదా? పోగులు ఏసింది మీ బాపు. మోదుగాకులు పరిశింది నువ్వే."

యాదికి ఉంది. ఊళ్ళో పొట్టేలును కోస్తే మాంసం తూచేవారు కాదు. ఆకుల మీద ఇంటికో పోగు పెట్టి, ఇంటి మగవాడి పేరుతో పిలిచేవారు. ఆ పని మా బాపుదే. ఎవరికి పళ్ళు లేవు, ఎవరి ఇంట్లో బాలింత ఉంది, అన్నీ గుర్తు పెట్టుకొని ముక్కలు సర్దేవాడు.

"మీ అత్త పోగు కాడికి రాంగనే, 'గిది బావది. కార్జం ఏసిన, ఆయనకు పానం' అన్నడు. ఎప్పటి లెక్కనే అన్నడు, పాపం. దొర మనిషి తన పోగు కోసం ఆడనే నిలబడ్డడు. పోగు తీస్కోకుండనే పోయిండు. గది మా ముసలోడు సూశిండు. చెప్పుదామని ఉరికేసరికి మీ అత్త గుట్టకు పోనే పోయింది."

కాటారం అడవులకు దాటిపోయిన మనిషికి పోగులో ఇష్టమైన కార్జం ముక్క ఎందుకు? దొర మనిషికి అంతకన్నా ఏం కావాలి? వాడి నుంచి క్యాంపుకు మాట పోయింది, అత్త వెనక మనుషులను పెట్టారు. అత్త సంఘం వాళ్ళ ముందు అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పింది. రెండో సగం చెబితే ఆ దొడ్డి ముందు చేతులు కట్టించుకొని కూర్చునేది మా బాపు.

"పానం మీదికి వచ్చె, మా ముసలోడు చెప్పేటోడే. గంతట్ల మీ అత్త వచ్చింది" అంది ముసలమ్మ.

"బాపుకు ఎరుకేనా?" అని అడిగాను.

"ఎరుక లేకుంట ఎట్లుంటది? గా దినం సంది మీ బాపు కత్తి పట్టిండా?"

పట్టలేదు. మామ పోయిన బాధ అనుకున్నాం. అన్నాచెల్లెళ్ళు ఒకే ఇంట్లో నలభై ఏళ్ళు కలిసి తిన్నారు. ఆ మాట ఎత్తి ఉంటారని నేను అనుకోను. బాపు గొంతు, "గిది బావది" అనడం, ఇప్పుడు నాకు వినిపిస్తోంది. నిజంగా గుర్తొచ్చిందో, ముసలమ్మ చెప్పాక నేనే అల్లుకున్నానో. నా మీదే నాకు అనుమానంగా ఉంది, అది న్యాయమే.

నాకు మిగిలింది మాత్రం ఇది. బాపు పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నేను సెలవు పెట్టి ఊరికి పోయాను. అత్త రోజూ పప్పు బువ్వ మెత్తగా పిసికి ఆయనకు తినిపించేది. తింటూ తింటూ బాపు కళ్ళ నుంచి నీళ్ళు కారేవి. ఎందుకింత సేవ, ఎందుకా ఏడుపు అని నా బుర్ర అనుమానం వైపు తిరిగింది. అత్త నీళ్ళు తేవడానికి లోపలికి పోయినప్పుడు గిన్నెలోంచి వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఏం కలిపిందో చూద్దామని. తలెత్తితే గడపలో చెంబు పట్టుకొని అత్త నిలబడి ఉంది. నేను ఏం వెతుకుతున్నానో ఆమెకు అర్థమైంది. "ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అంది. వచ్చి కూర్చొని, ముద్ద కలిపి, నా వైపు చూసి నవ్వుతూ ముందు తన నోట్లో పెట్టుకుంది. మింగింది. తర్వాతి ముద్ద బాపుకు పెట్టింది. నా సెలవు అయిపోయేదాకా ప్రతి పూటా మొదటి ముద్ద అలాగే నా ముందు తాను తిని, రెండోది అన్నకు పెట్టింది.