ఆగస్టు నెల బాయిలరు

కొరియాలోని గున్సాన్ రేవులో ఆరేసిన చేపలు పూట తిరిగేలోగా చెక్కలైపోతున్న ఆగస్టు అది. మాల్‌జా ఇంట్లో మాత్రం చలికాలంలోలా బాయిలరు నడుస్తోంది. నేల కింది గొట్టాల్లో వేడినీళ్ళు తిరుగుతున్నాయి. కిటికీ సందులకు టేపు అంటించి ఉంది. ఆ గదిలో పొడుగుచేతుల బనీను, ఊలు మేజోళ్ళు వేసుకుని, తొమ్మిది రోజుల కిందట ఆపరేషన్‌తో బిడ్డను కన్న కోడలు హన్‌బ్యోల్ పడుకుని ఉంది.

బాలింతల సాయానికి సెంటరు పంపిన మ్యోసున్ గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే వంటింట్లోంచి మాల్‌జా కేక వినిపించింది.

"తలుపేయ్! గాలి దూరుతుంది."

"ఈ ఇంట్లోకి రావాలంటే గాలికే భయమేస్తుంది, వదినగారూ."

"నీ హాస్యాలకేం గానీ, బాలింత ఎముకలు తెరుచుకుని ఉంటాయి. ఇప్పుడు చలి దూరిందంటే ముసలితనం దాకా కీళ్ళు లాగుతూనే ఉంటాయి. చెమట కక్కాలి. మేమంతా అలా లేచినవాళ్ళమే."

"మీరు నొప్పులు పడి కన్నారు. ఈ పిల్ల పొట్ట కోశారు."

"నేననేదీ అదే. నొప్పుల్లేవు, అరుపుల్లేవు. పడుకుంది, లేచింది, బిడ్డ చేతికొచ్చింది. కనీసం చెమటైనా పట్టనీ!"

పదకొండేళ్ళుగా బాలింతల ఇళ్ళు తిరుగుతున్న మ్యోసున్ ఈ మాట వినని వీధి లేదు. సులువు కాన్పట! చర్మం, కొవ్వు, కండ మీది గట్టి పొర, దాని లోపలి పలుచని పొర, చివరికి గర్భసంచి. ఇన్నీ తెరిచి, బిడ్డను తీసి, కుట్టేసి, మర్నాడే ఆ మనిషిని లేపి నడిపిస్తారు. దగ్గు వస్తే దిండు పొట్టకు అదుముకోవాలి. పక్కకు తిరగాలంటే మంచం కమ్మీ పట్టుకుని పళ్ళు బిగించాలి. నర్సు పూటపూటా వచ్చి, పదిమంది వినేలా "గ్యాస్ పోయిందా?" అని అడుగుతుంది. పోయిందంటే గానీ గంజి రాదు. దీన్ని సులువనేవాళ్ళను ఒక్క రోజు ఆ మంచం మీద పడుకోబెట్టాలి.

మ్యోసున్ చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళింది. గోడ మీది మీటరు ముప్పైనాలుగు డిగ్రీలు చూపిస్తోంది. పసిదాని మెడ నిండా చెమటకాయలు. దానికింకా పేరు పెట్టలేదు. కడుపులో ఉన్నప్పటి ముద్దుపేరుతోనే కోంగీ, అంటే చిక్కుడు గింజ, అని పిలుస్తున్నారు.

"కుట్టు చూపించమ్మాయ్."

"సిగ్గుగా ఉంది పిన్నీ. వాసనొస్తోంది."

పొట్టకు చుట్టిన పట్టీ చెమటకు తడిసి ముద్దయింది. విప్పితే కుట్టు ఎడమ చివర ఎర్రగా ఉబ్బి ఉంది. పసుపుపచ్చని నీరు కారుతోంది.

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి. ఒళ్ళు కాలిపోతోందని అత్తయ్యతో చెప్పాను. మంచిదే, వేడి పనిచేస్తోందని అన్నారు. డిగ్రీలు ఇంకో రెండు పెంచారు."

మ్యోసున్ తడి పట్టీని పక్కన పడేసింది. ముప్పైమూడేళ్ళ కిందట, ఆపరేషన్ కాన్పు తర్వాత, ఆమె కూడా ఇలాంటి గదిలోనే, ఇలాంటి మేజోళ్ళతోనే పడుకుంది. పన్నెండో రోజున కుట్టు విచ్చుకుంది. చీము లోపలికి పాకి, చివరికి గర్భసంచే తీసేశారు. ఒంట్లో బలం లేని పిల్ల అని అత్తవారు అన్నారు, డాక్టరు కాదనలేదు, ఆమె కూడా నమ్మింది. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు, శిక్షణ తరగతి వెనక బెంచీలో కూర్చుని, కుట్టు పొడిగా, చల్లగా ఉండాలని మొదటిసారి వింది. ఆ రోజు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు.

సంచిలోంచి థర్మామీటరు తీసి హన్‌బ్యోల్ చెవిలో పెట్టింది. ముప్పైఎనిమిది పాయింట్ తొమ్మిది. మామూలు కన్నా రెండు డిగ్రీలు పైనే.

"జ్వరం, వదినగారూ. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"జ్వరమేంటి! ఈ గదిలో గోడకి పెట్టినా అంతే చూపిస్తుంది."

"సరే, చూద్దాం."

ఆమె బాయిలరు ఆపేసింది. టేపు పీకి కిటికీ తెరిచింది. అటక మీది ఫ్యాను దించి గోడ వైపు తిప్పి పెట్టింది. టాక్సీకి ఫోన్ చేసింది. మాల్‌జా కిటికీకి అడ్డంగా నిలబడి చేతులు చాపింది.

"చంపేస్తున్నావ్! ఎముకల్లోకి గాలి పోతుంది! మీ సెంటరుకి ఫోన్ చేస్తాను!"

"చెయ్యండి. ముందు ఆ పిల్ల మేజోళ్ళు విప్పండి."

టాక్సీ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆలోగా బట్టలు సర్దింది, పసిదాన్ని తుడిచి పలుచని గుడ్డ చుట్టింది. బయల్దేరే ముందు థర్మామీటరు తన చెవిలో పెట్టుకుంది: ముప్పైఆరు పాయింట్ ఆరు. అడగకుండానే మాల్‌జా చెవిలో పెట్టింది: ముప్పైఆరు పాయింట్ అయిదు. కోంగీకి కూడా మామూలే. హన్‌బ్యోల్‌కు ముప్పైతొమ్మిది పాయింట్ ఒకటి.

"మీరు చల్లారారు, నేను చల్లారాను. ఈ పిల్ల చల్లారలేదు. ఇంకా గోడేనంటారా?"

మాల్‌జా థర్మామీటరు లాక్కుని దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. కిటికీ దగ్గర్నుంచి మాత్రం తప్పుకుంది.

ఆసుపత్రిలో కుట్టు కొంత విప్పి చీము తీశారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఎక్కడిదాకా వచ్చేదో డాక్టరు చెప్పబోతుంటే, నాకు తెలుసండీ అని మ్యోసున్ ఆపింది. సెలైన్ సూది గుచ్చిన చేతికి ఏసీ గాలి తగిలి హన్‌బ్యోల్ కళ్ళు మూసుకుంది.

"చల్లగా ఉంది పిన్నీ. పాపమేమీ కాదు కదా?"

"ఏసీ గాలికి పాపమేంటే, పిచ్చిమొహమా. పడుకో."

సాయంత్రానికి మాల్‌జా ఫ్లాస్కులో బాలింతలకు పెట్టే సముద్రపు నాచు సూప్ పట్టుకుని వచ్చింది. మ్యోసున్ ముఖం చూడలేదు. అన్నట్టుగానే సెంటరుకు ఫోన్ చేసింది కూడా. బాలింతకు గాలి తగిలించిందని ఫిర్యాదు.

మర్నాడు సెంటరులో ఒక ఫారం ఇచ్చారు.

"పెద్దావిడ కదా అక్కా, రెండు ముక్కలు క్షమాపణ రాసెయ్యండి, గొడవ వదిలిపోతుంది," అంది ఆఫీసు అమ్మాయి.

మ్యోసున్ పెన్ను తీసుకుంది. ఏం జరిగింది అన్న చోట "గది ముప్పైనాలుగు. బాలింత ముప్పైఎనిమిది పాయింట్ తొమ్మిది. బాయిలరు ఆపాను" అని రాసింది. క్షమాపణ అన్న గడిని ఖాళీగా వదిలి సంతకం పెట్టింది.

"రేపు ఏ ఇంటికి?" అని అడిగింది.