రెండు బటన్లు

సౌదీలోని జుబైల్‌లో మా కంట్రోల్ రూమ్ టీ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: వేణ్ణీళ్లు పోయగానే టీ బ్యాగు దారం కప్పులో పడిపోతుంది. తొమ్మిదేళ్లుగా వేళ్లు కాల్చుకుంటూ తీస్తున్నాను. ఈ నైపుణ్యాన్ని రెజ్యుమేలో ఇంకా చేర్చలేదు.

ఆ వారం దారం తీసే ఓపిక కూడా లేదు. ప్లాంటులో ఒక టవర్ అడుగున ద్రవమట్టం మూడు రోజులుగా ఊగుతోంది. సాయంత్రమయ్యేసరికి ఊపు పెరుగుతోంది. ముదీర్, అంటే మా మేనేజర్, కారణం అడగలేదు. కంట్రోల్ ఇంజనీరునని నన్ను ఒక పేరు రాసిమ్మన్నాడు. ఆ మనిషిని ప్యానెల్ మీంచి లేపి, ఎండలో టవర్లెక్కే పనికి పంపుతాడట.

పేర్లు రెండే ఉన్నాయి. సాయంత్రం షిఫ్టులో ప్యానెల్ చూసేది కడప భాయ్. ఆయన నమాజుకో టీకో లేస్తే ఆ కుర్చీలో కూర్చునేది కరీంనగర్ అన్న. కూర్చోగానే ఆ మట్టాన్ని అదుపు చేసే కంట్రోలర్‌ను తన సెట్టింగ్‌లోకి మార్చుకుంటాడు. భాయ్ తిరిగొచ్చి మళ్లీ తనది పెట్టుకుంటాడు. అసర్, మగ్రిబ్, ఇషా నమాజులు, మధ్యలో టీలు.

"నా సెట్టింగ్‌తో ఎప్పుడన్నా ఊగిందా సార్?" అన్నాడు భాయ్. "ఈ మోకాళ్లతో ఆ మెట్లు నేనెక్కలేను, ముందే చెప్తాండా."

"నాదాంట్ల ఊగిందా మరి?" అన్నాడు అన్న. "నువ్వు లేస్తే బండి నడిపేది నేనే గద భాయ్."

"నడిపేది సరేప్పా, సీటూ అద్దాలూ అన్నీ తిప్పి పెట్టేదెందుకు?"

ఇద్దరి మాటా నిజమే. కాగితం మీద ఒక్కో సెట్టింగ్ ఒక్కో మాత్రిక, అంటే అంకెల పట్టిక. దేన్నయినా దానితోనే ఎన్నిసార్లు గుణించినా అంకెలు బుద్ధిగా సున్నా వైపు నడుస్తాయి, అంటే ఊపు ఆగిపోతుంది. ఒకసారి ఇది, ఒకసారి అది మార్చి మార్చి గుణిస్తే మాత్రం ప్రతి జతకూ కాస్త పెరుగుతాయి. కాస్తే. మూడు టీల తర్వాత ఆ కాస్త అలారం మోగిస్తుంది. ఎం.టెక్‌లో ఈ పాఠం చదివాను. మార్కులు బాగానే వచ్చాయి.

ఇంతకుముందు సెట్టింగ్ మార్చాలంటే అంకెలన్నీ టైపు చెయ్యాలి. బద్ధకం మా ప్లాంటును కాపాడింది. పోయిన వారమే వాళ్ల పోరు పడలేక తెర మీద రెండు బటన్లు పెట్టాను, ఒకరికొకటి. ఒక్కోదాన్ని విడివిడిగా ఒక్కో రోజు నడిపి చూసి, 'రెండూ సురక్షితం' అని సంతకం పెట్టాను. మార్చి మార్చి నడిపి చూడాలని తోచలేదు.

రిపోర్టు రాసి ఇద్దరికీ చదివి వినిపించాను. "ఆపరేటర్లలో ఎవరి తప్పూ లేదు. సెట్టింగులు తరచూ మారడమే సమస్య."

"అయితే నేను మెట్లెక్కల్లనా, వద్దా?" అన్నాడు భాయ్.

అన్న నా కాగితం వంక చూశాడు. "ముదీర్‌కు ఒక్క పేరే గద సార్ కావాల్సింది. బటన్లు పెట్టినోని పేరు రాయి."