సొట్టపోయిన స్టీలు గ్లాసు

మేడ్చల్ కోర్టు ఆవరణలో పరమేష్ వకీలు కుర్చీకి పెద్ద చరిత్రే ఉంది. అత్వెల్లి చుట్టుపక్కల ఏ గట్టు తగాదా అయినా ముందు ఆ కుర్చీ ముందుకే వచ్చి నిలబడేది. అలాంటి మనిషికి, తనకన్నా వయసులో చాలా చిన్నదైన వకీలు పద్మలత మీద కుళ్లు పుట్టింది.

ఆమె శామీర్‌పేటలో న్యాయశాస్త్రం చదివింది. పై దేశం వెళ్లి శరణార్థుల చట్టం చదివి, పేదరికం మీద పరిశోధన చేసి తిరిగొచ్చింది. ఇప్పుడు జవహర్‌నగర్ చెత్తగుట్ట పక్క గుడిసెల్లో తిరుగుతోంది. పరమేష్ చదువు పట్నంలో, సాయంకాలపు కాలేజీలో, బస్సులో నిలబడి సాగిన చదువు. అసలు మంట అది కాదు. జనం ఆయన్ని చెప్పులు విడిచి పలకరిస్తారు. ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. దండాలు అందుకునేవాడికి ఆ పిలుపు మీద ఆశ పుట్టడం పాత జబ్బే. రాజుల ఆస్థానాల్లో ఉంది, సన్యాసుల మఠాల్లోనూ ఉంది.

అందుకే బర్మా నుంచి పారిపోయి వచ్చినవాళ్ల గుడిసెలు తన జాగాలోంచి లేపించాలని కృష్ణారావు అడిగినప్పుడు, పరమేష్ ఫీజు మాటే ఎత్తలేదు. అవతలి వకీలు పద్మలతే మరి. ఆ పూట ఆయనకు అన్నం కూడా రుచిగా తగిలింది. కాగితాలు తీసుకునే ముందు ఒకసారి జాగా చూసొస్తానన్నాడు.

ఆదివారం వెళ్లాడు. కారు దిగకముందే వాసన ఎదురొచ్చింది. ప్లాస్టిక్ ఏరుతున్న ఆడవాళ్ల మధ్య నేల మీద కూర్చున్న పద్మలత, ఆయన్ని చూసి జరిగి చోటిచ్చింది.

“నువ్వే కేసు పట్టుకుంటున్నవని ఇన్న అన్నా. కూసో, ముందుగాల చాయ్ తాగు.”

“గీళ్లు మన దేశపోళ్లే గాదు గదా పద్మా. ఏ హక్కు జూపిస్తవ్?”

“బతికే హక్కు. రాజ్యాంగంల అది మన దేశపోళ్లకే అని రాయలే, మనిషికని రాసిన్రు. కోర్టుల గూడ గిదే జెప్త. తయారై రా.”

గుడిసె ముసలమ్మ చాయ్ తెచ్చింది. పరమేష్‌కు కొత్త గాజు గ్లాసు, కింద సాసరు. పద్మలతకు సొట్టపోయిన స్టీలు గ్లాసు. ముసలమ్మ అందులోంచి తానొక గుక్క తాగి, తీపి సరిపోయిందో లేదో చూసుకుని, మిగిలింది ఆమెకిచ్చింది. పద్మలత మాట ఆపకుండానే అందుకుని తాగింది.

పరమేష్ తన గాజు గ్లాసును సాసరులో దించాడు. ఆస్తి పంచుకునే అన్నదమ్ములను ఎందరినో చూశాడాయన. ఎంగిలి పంచుకునే చుట్టరికాన్ని మాత్రం ఏ కోర్టు డిక్రీ తెచ్చిపెట్టదని అప్పుడే తట్టింది.

మర్నాడు కృష్ణారావుకు కేసు పట్టనని చెప్పేశాడు. జాలి కలిగిందా అంటే, అదేం లేదు.

“గా పిల్ల మీద గెలిచినా నాకు ఓడినట్టే ఉంటది. ఇంకో వకీల్ను జూస్కో అన్నా.”

కృష్ణారావు ఇంకో వకీలును పెట్టుకున్నాడు. పద్మలత వాదించింది. కేసు తేలేదాకా గుడిసెలు కదిలించొద్దని కోర్టు స్టే ఇచ్చింది. ఆ వారమే పరమేష్ బిస్కెట్ పొట్లం పట్టుకుని మళ్లీ వెళ్లాడు. ఈసారి కారును దూరంగా ఆపి, తానే నేల మీద చతికిలబడ్డాడు.

“అవ్వా, నాకు గా సొట్ట గిలాసల పొయ్యి,” అన్నాడు, పెద్దగా పట్టింపు లేనట్టు.

ముసలమ్మ పద్మలత వైపు చూసి నవ్వింది. ఇంటికొచ్చిన మెహమాన్‌కు ఎవరైనా సొట్ట గ్లాసు ఇస్తారా అని తన యాసలో మందలించి, గాజు గ్లాసును ఇంకోసారి కడిగి, సాసరుతో సహా ఆయన ముందు పెట్టింది.

“నాకు గూడ ఏడాది పట్టింది అన్నా,” అంది పద్మలత.

“ఏడాదా?” అని పరమేష్ చాయ్ ఊదుకున్నాడు. కళ్లు మాత్రం ఆమె చేతిలోని సొట్ట మీదే ఉన్నాయి.