నేను కుట్టని జాకెట్టు

నరసన్నపేట బజారులో ఎరువుల కొట్టు పైన ఒక గది ఉండేది. రాష్ట్రం విడిపోయే ముందు ఏడాది నుంచి దాదాపు అయిదేళ్లు నేను అక్కడ కూర్చుని జాకెట్లు కుట్టాను. అయిదుగురు ఆడవాళ్లం కలిసి తీసుకున్న గది అది. ఎవరి మిషను వాళ్లది, ఎవరి గిరాకీ వాళ్లది. గుడ్డ కత్తిరించే బల్ల, ఇస్త్రీపెట్టె, ఒక్కగానొక్క ఫ్యాను మాత్రం అందరివీ. వేసవిలో కింద నుంచి యూరియా వాసన, పైన రేకుల వేడి. అలాంటి చోట అన్నాళ్లు ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే అద్దె తక్కువని చెప్పేదాన్ని. నిజం చెప్పడం కన్నా అది తేలిక.

నిజం ఏమిటంటే నాకు ఇంకెక్కడా మనుషులు లేరు. పెళ్లి నిలవలేదు. అమ్మ పోయాక రెండు గదుల పోర్షన్లో నేనొక్కదాన్నే మిగిలాను. సాయంత్రం వెళ్లి తాళం తీశానంటే మళ్లీ పొద్దున దాకా నోరు విప్పే పని ఉండేది కాదు. లోకంలో నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లంటూ ఉంటే నా దగ్గర కుట్టించుకునేవాళ్లే. కోటబొమ్మాళి నుంచి బస్సెక్కి వచ్చి, ఆ ఇనప మెట్లెక్కి, గుమ్మంలో నిలబడి "అక్క ఉన్నాదా?" అని అడిగేవాళ్లు. ఆ ఒక్క మాట కోసం రోజంతా చెవులు రిక్కించుకుని ఉండేదాన్ని. ఈ సంగతి అక్కడెవరికీ చెప్పలేదు.

గదికి కొన్ని పద్ధతులుండేవి. ఎవరూ రాసిపెట్టినవి కావు. ఒకరి కత్తెర ఇంకొకరు ముట్టరు. ఒకరి గిరాకీ ఇంకొకరు తీసుకోరు. మనిషి ఆ పూట రాకపోయినా రాలేదని చెప్పరు, "లైనింగు గుడ్డకెల్లినాది, కూకోండి" అని మంచినీళ్లిస్తారు. మాలో పెద్దావిడని పెద్దక్క అనేవాళ్లం. ముప్ఫై ఏళ్లుగా కుట్టిన చెయ్యి, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా వెళ్లేది. బాప్టిస్టు చర్చికి వెళ్లే ఇంకొకావిడని అందరం వదినా అనేవాళ్లం. ఆవిడ మిషను మీద పని చేస్తూ సన్నగా పాడుకునేది. మిగతా ఇద్దరూ అక్కచెల్లెళ్లు, వాళ్ల మాటలు వాళ్లవే.

నా కుట్టులో ఒక లోపం ఉండేది. వీపు మీద మెడ గుండ్రం ఎడమవైపుకి గోరంత ఒరిగేది. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా అంతే. పెద్దక్క ఒకసారి ఆ మాట అంటే మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. నా గిరాకీ మాత్రం దానికి అలవాటు పడిపోయింది. పైగా లోపల నేను వదిలే గుడ్డ ఎక్కువ, ఒళ్లు చేసినా విప్పుకుని ఇంకో రెండేళ్లు తొడుక్కోవచ్చు.

నోరు నాకు మొదటి నుంచీ మంచిది కాదు. అక్కడ నా ఆఖరి ఏడు, దసరా ముందు, ఫ్యాను ఎటు తిప్పాలన్న దాని మీద గొడవైంది. వదిన సర్దిచెప్పబోయి, "సాయంత్రం మీ ఇంటికొస్తాన్లే, నిమ్మళంగా మాటాడుకుందాం" అంది. "నా గడప తొక్కొద్దు. ఎవరూ రావద్దు" అన్నాను. గదిలో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తర్వాత పని మామూలుగానే సాగింది గానీ, నేను ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

నవంబరు ఆఖర్లో జ్వరం పట్టుకుంది. టైఫాయిడ్ అన్నారు. క్రిస్మస్ జాకెట్ల గుడ్డలన్నీ గదిలో నా అరలోనే ఉండిపోయాయి, ఒక్కటీ కత్తిరించలేదు. మొదటి వారం ఫోను మోగేది, వదిన నంబరు. పలికితే ఏడుపొస్తుందని ఎత్తలేదు. తర్వాత మోగడం మానేసింది. మానేసిందని మళ్లీ కోపం. పక్క పోర్షనువాళ్లు గంజి ఇచ్చి వెళ్లేవారు. మంచం మీద పడుకుని గుమ్మం వైపు చూస్తూ, రావద్దన్నంత మాత్రాన రాకుండా ఉంటారా అనుకునేదాన్ని. అది న్యాయం కాదని తెలుసు. తెలిసీ అలాగే అనుకున్నాను.

మూడు వారాలకి లేచి మందుల షాపుకి వెళ్తే, నా దగ్గర కుట్టించుకునే ఒకావిడ కనిపించింది. "జాకెట్టు నిన్ననే తెచ్చుకున్నానక్కా. ఎప్పట్లాగే కుదిరినాది" అంది. ఆమె గుడ్డ నేను ముట్టనేలేదు. ఏదో చెప్పి పంపేశాను. నేను మంచాన పడితే నా గిరాకీని పంచేసుకున్నారన్నమాట. ఆ వచ్చేవాళ్లు తప్ప నాకింకెవరున్నారు? ఇల్లు చేరేసరికి నిశ్చయం చేసేసుకున్నాను. మిషను తెచ్చేసుకుని ముందుగదిలో వేసుకుంటాను. ఎవరి ఫ్యానూ నాకక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్లాను. "పావుగంటాగి పైకి రా, మిషను దింపాలి" అని ఆటో అతనికి చెప్పి మెట్లెక్కాను.

నన్ను చూడగానే వదిన లేచింది. "ఒసే, ఎంత సిక్కిపోనావే! కూకో ముందు" అని స్టూలు జరిపింది. నేను కూర్చోలేదు. నేరుగా నా అర దగ్గరికి వెళ్లాను. కుట్టిన జాకెట్లు నాలుగు, ఎవరివి వాళ్ల చీటీలతో మడతపెట్టి ఉన్నాయి. పైదాన్ని లాగి, "ఎవరు ముట్టుకోమన్నారు?" అన్నాను. జాకెట్టు నా చేతుల్లో విచ్చుకుని ఉంది. మెడ ఎడమవైపుకి ఒరిగింది.

రెండోది తీశాను. అదీ అంతే. లోపల గుడ్డ కూడా నేను వదిలేంత వదిలారు. ఎంత పట్టిపట్టి చూసినా నా కుట్టు కాదని నేనే చెప్పలేకపోయాను. "ఎక్కిరింతా?" అన్నాను. నిజంగానే నాకు అలా అనిపించింది.

పెద్దక్క తల ఎత్తింది. "ఎక్కిరింతేటే? నువ్వు కుట్టిన పాత జాకెట్టొకటి ముందరెట్టుకుని కుట్టినాం. నా సెయ్యి తిన్నగా ఎలిపోతాది. నీ వొంకర రావడానికి రెండుసార్లు ఇప్పి కుట్టాల్సొచ్చినాది."

"తిన్నగా కుడితే ఏం పోయింది?"

"తిన్నగా కుడితే బాగున్నాదంటారు. రేపట్నుంచి మా దగ్గరికొస్తారు. నీ గిరాకీ నీకుండాల కదే. నువ్వే కుట్టినావని సెప్పి ఇచ్చినాం."

అది వాళ్లకీ క్రిస్మస్ సీజనే. ఒక్కొక్కరి మిషను పక్కన గుడ్డల మూటలు అలాగే ఉన్నాయి. వాటిని ఆపుకుని, ఏ వంకర గురించి అన్నందుకు నేను మూడు రోజులు మాట మానేశానో దాన్నే వాళ్లు పని పెట్టుకుని నేర్చుకున్నారు. నాకు గుండె నిండిపోయింది. వదిన జరిపిన ఆ స్టూలు మీద కూలబడి ఏడ్చేస్తే సరిపోయేది.

అంతలో ఆటో అతను గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, మిసనేదీ? దించీమంతావా?"

అందరికీ అర్థమైంది. పెద్దక్క నా వైపు చూసింది. నేను ఏదో ఒకటి చెప్పొచ్చు. రిపేరుకని అనొచ్చు. పొరపాటైంది, వెళ్లు బాబూ అనొచ్చు. కానీ నాకు సిగ్గు వేస్తే అది కోపంగానే బయటికొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. "అదిగో, అదే" అని వేలు చూపించాను.

వదిన వచ్చి మోటారు వైరు ప్లగ్గులోంచి తీసి చుట్టింది. అక్కచెల్లెళ్లిద్దరూ చెరోవైపు పట్టుకున్నారు. "నిమ్మళంగా, మెట్టు సూసుకోండి" అంటూ పెద్దక్క మోకాళ్ల నొప్పులతో వెనకే దిగింది. ఆ నాలుగు జాకెట్లూ సంచిలో వేసి వదిన నా ఒళ్లో పెట్టింది. "జొరం తగ్గినాక బలమైన తిండి తిను" అంది.

ఆటో కదిలే దాకా ఎదురుచూశాను. ఒక్కరైనా "ఎల్లకే" అంటారని. అంటే దిగిపోయేదాన్ని. నలుగురూ మెట్ల దగ్గర నిలబడి నా మొహంలోకే చూశారు. నేను నోరు తెరిచి ఒక మాట అంటానని వాళ్లూ ఆగారని అప్పుడు నాకు తట్టలేదు. గడప తొక్కొద్దన్నదాన్ని నేను. ఆపే చనువు వాళ్లకి నేనెక్కడ మిగిల్చాను?

ముందుగదిలో మిషను వేసుకున్నాను. కిటికీ దగ్గర వెలుతురు బాగా వచ్చేది. ఫ్యాను నాకొక్కదానికే తిరిగేది. ఎవరూ ఇంత దూరం రారేమో అనుకున్నాను గానీ సంక్రాంతి లోపలే పాతవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఇల్లు ఎలా తెలిసిందని అడిగితే, మేడమీదికే వెళ్లామనీ, పెద్దక్క సందు దాకా గుర్తులు చెప్పి పంపిందనీ అన్నారు. అలా చాలాకాలం పంపుతూనే ఉంది. నేను మాత్రం ఒక్కసారి కూడా వెళ్లలేదు.