నాన్న తట్టి చూసి కొన్న యుకలేలే

పొద్దున బడికి బయలుదేరుతుంటే మా పిన్ని కూతురు ఫోనులో రెండు ఫొటోలు పంపింది. రెండూ యుకలేలేలే. రెండూ గోధుమరంగులో, నాలుగేసి తీగలతో, గిటారుకు పుట్టిన పిల్లల్లా ఉన్నాయి. కింద, "అక్కా, ఏది తీసుకోవాలె? ఒకటి లామినేట్ అంట, ఇంకోటి అసలు చెక్క అంట. జల్దీ చెప్పు, ఆఫర్ పోతది" అని రాసింది. దానికి ఈమధ్యే చర్ల దగ్గర ఒక దవాఖానాలో నర్సు ఉద్యోగం వచ్చింది. వారం వారం సంచీ సర్దుకుని రెండు మూడు బస్సులు మారాల్సిన ఉద్యోగం. ఒక్క మాటలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ ఫొటోలు చూడగానే నాకు ఎక్కడలేని విసుగు పుట్టుకొచ్చింది. దాని మీద కాదు. నాలుగేళ్ల కిందట ఇదే ప్రశ్నకు జవాబు తెలిసి కూడా, కాగితం మీద రాసి సంచీలో పెట్టుకుని కూడా, నోరు తెరవని నా మీద.

మీరు చదువుకున్న రోజుల్లో కూడా ఉండే ఉంటుంది, హాజరు పిలిచినప్పుడు తను పలికింది సార్‌కు వినబడక గైర్హాజరు వేయించుకునే అమ్మాయి. మా తరగతిలో అది నేనే. చెప్పాలనుకున్నవన్నీ సాయంత్రం డైరీలో రాసుకోవడం, లేదంటే ఎవరో రాసిన పుస్తకంలో తల దూర్చి కూర్చోవడం, అంతే నాకు తెలిసిన బతుకు. ఖమ్మంలో హాస్టల్లో ఉన్నప్పుడు మా గదిలోని బోనకల్ అమ్మాయి దగ్గర ఒక యుకలేలే ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు తను బట్టలు ఉతుక్కుంటూ, దాన్ని ఊరికే పడేయడం ఎందుకని నా చేతికిచ్చేది. నాలుగు స్వరమేళాలు, అదే కార్డ్‌లు, నేర్చుకున్నాను. విచిత్రమేమిటంటే, ఆ చిన్న పెట్టె ఛాతీకి ఆనుకుని ఉన్నంతసేపూ నా గొంతు బయటికి వచ్చేది. చేతులకు పని దొరికితే గొంతుకు భయం తగ్గుతుందేమో, నాకు తెలియదు. ఒకసారి పక్కగది వాళ్లు వచ్చి పాడిందెవరని అడిగితే మంచం మీద పడుకుని దుప్పటి కప్పేసుకున్నాను.

చదువు అయ్యాక దుమ్ముగూడెం దాటి అడవిలోకి ఉన్న ఆడపిల్లల హాస్టల్ బడిలో టీచరుగా తాత్కాలిక ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయి క్వార్టర్లలో. అక్కడి నుంచి భద్రాచలం ఒక బస్సు, దుమ్ముగూడెం ఇంకో బస్సు, ఆ తరువాత పదిమందిని కుక్కిన ఆటో, ఆఖరున వాగు దాటి నడక. నాకు ఒకటో తరగతి ఇచ్చారు. పిల్లలు ఇంట్లో మాట్లాడేది కోయ. నా తెలుగే వాళ్లకు కొత్త, ఆ తెలుగు కూడా రెండో వరస దాకా చేరేది కాదు. వెనక కూర్చున్నవాళ్లు నా పెదవులను చూసి, విసుగొచ్చి, కిటికీలోంచి కోతులను చూసేవాళ్లు.

ఒకరోజు పెద్ద మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి చాలాసేపు విన్నది. "ఏందమ్మా, నువ్వు పాఠం చెప్తున్నవా, దేవునికి మొక్కుకుంటున్నవా?" అంది. పిల్లలకు అర్థం కాకపోయినా నవ్వారు. తరువాత ఆఫీసు గదిలోకి పిలిచి, కోపం లేకుండానే, "సంవత్సరం ఆఖరు దాక చూస్త. చిన్నపిల్లలు నీతోని గాకపోతే వేరేటోళ్లకు ఇస్త, నువ్వు స్టోర్ రూం రిజిస్టర్లు రాసుకో" అని చెప్పింది. బియ్యం బస్తాలు, సబ్బులు, కొబ్బరినూనె సీసాలు. మాట్లాడాల్సిన అవసరమే లేని పని. నాలాంటిదానికి అది శిక్ష కాదనే మీరనుకుంటారు. కానీ ఆ రాత్రి డైరీలో రాసుకుంటుంటే ఏడుపు వచ్చింది, ఎందుకంటే ఆ గదిలోకి ఒకసారి వెళితే ఇక జన్మలో బయటికి రానని నాకు తెలుసు.

అప్పుడే యుకలేలే కొనుక్కోవాలని నిర్ణయించుకున్నాను. మా బడిలో సిగ్నల్ వచ్చేది నీళ్ల ట్యాంకు పక్కన ఒకే ఒక్క చోట. అక్కడ నిలబడి, సగంలో ఆగిపోయే వీడియోలు చూస్తూ, తెరుచుకోని పేజీలను తిట్టుకుంటూ, నెల రోజులు చదివాను. చదివిందంతా డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను. అన్నింటిలోకీ చిన్నదైన సొప్రానో సైజే కావాలి, బస్సులో ఒళ్లో పడుతుంది. చెక్క లామినేట్‌ది కావాలి, అంటే పలచని పొరలను అడ్డంగా నిలువుగా అతికించింది, ఎండకూ వానకూ ముడుచుకోదు, ఉబ్బదు, పగలదు. అసలు చెక్కది తీయగా మోగుతుంది కానీ చంటిపిల్లలా చూసుకోవాలి. తీగలు బిగించే మరలు గట్టివి ఉండాలి, మెడ మీది లోహపు మెట్ల అంచులు వేళ్లకు గీసుకోకూడదు, పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటితే శ్రుతి తప్పకూడదు. ధర కూడా తక్కువే, పోయినా గుండె ఆగదు. ఇంతకన్నా స్పష్టంగా నేను ఏ పరీక్షకూ చదవలేదు.

దసరా సెలవుల్లో నాన్నతో కలిసి ఖమ్మం వెళ్లాను. నాన్న అప్పటికి కొత్తగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లకు పైగా భూమి లోపల పనిచేసిన మనిషి. బాయిలో దిగగానే మొదట చేసే పని, చేతికర్రతో పైకప్పును తట్టి వినడం. ఖంగుమని మోగితే రాయి గట్టిగా ఉన్నట్టు, కింద నిలబడొచ్చు. డొల్లగా మోగితే లోపల పొర విడిపోయినట్టు, వెంటనే తప్పుకోవాలి. ఈ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. కుండ కొన్నా, తలుపు చేయించినా, చివరకు మా అక్కకు సంబంధం చూడటానికి వెళ్లినప్పుడు వాళ్ల ఇంటి గోడను కూడా నాన్న వేలి కణుపుతో తట్టి చూశాడు. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి తిడుతుంది.

నాకు అడవిలో ఉద్యోగమని నాన్న చెప్పగానే, షాపాయన నేను అడగకముందే లామినేట్‌ది తీసి చేతికిచ్చాడు. ఊళ్లు తిరిగేవాళ్లకు ఇదే మంచిదని ఆయన కూడా అన్నాడు. సరిగ్గా నా పేజీలో ఉన్నదే. సంతోషంతో పన్నెండో మెట్టు వెతుక్కుంటుండగా నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, తట్టాడు. ముఖం చిట్లించాడు.

"ఏంది తమ్మీ ఇది, ప్లైవుడ్ లెక్క ఉన్నది?"

"ఒకరకంగ ప్లైవుడే సార్. పొరలు పొరలు అతికిస్తరు. గందుకే గట్టిగుంటది."

"పొరలున్నదే ఊడుతది. మా క్వార్టర్ల ప్లైవుడ్ బీరువా ఒక్క వానకాలానికి అప్పడం లెక్క ఉబ్బింది. ఇంకోటి చూపెట్టు."

షాపాయన ఇంకోటి తీశాడు. పైచెక్క అసలుదని చెప్పాడు. నాన్న తట్టగానే అది ఖంగుమంది. నాన్న ముఖం వెలిగిపోయింది. మళ్లీ తట్టి, "గిది, గిది చెక్కంటే. విన్నవా బిడ్డా? బాయిల కప్పు గిట్ల మోగితే కింద పండుకొని నిద్రపోవచ్చు" అన్నాడు.

"సార్, అమ్మ అడవిల పనిచేస్తది అంటున్నరు. ఎండకు పగుల్తది ఇది. నా మాట వినుండ్రి."

"అవ్, అగ్గువది అమ్ముతనంటున్న షాపాయనను నేను ఇయ్యాలనే చూస్తున్న" అని నాన్న నవ్వాడు. తరువాత నావైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా, నీకేది కావాలె?" అని అడిగాడు.

అడిగాడు. ఇప్పటికీ నాకు మండేది అక్కడే. అడగకుండా కొని ఉంటే నాన్న మీద కోపగించుకునేదాన్ని. పేజీ నా సంచీలో ఉంది. షాపాయన నావైపే చూస్తున్నాడు. నేను "ఏదైనా సరే నాన్నా" అన్నాను, అదీ గొంతులోనే.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది చాలా తీయగా మోగేది. బడిలో మొదటిరోజు దాన్ని ఒళ్లో పెట్టుకుని అంకెల పాట ఒకటి సొంతంగా కట్టి పాడితే, వెనకవరస పిల్లలు కోతులను వదిలేసి లేచి నిలబడ్డారు. పది దాకా తెలుగులో నేను, మళ్లీ పది దాకా కోయలో వాళ్లు. చలికాలమంతా అట్లా గడిచిపోయింది. నా గొంతు మూడో వరస దాటింది. పెద్ద మేడమ్ వరండాలో నడుస్తూ ఒకటి రెండుసార్లు ఆగడం చూశాను.

మార్చిలో ఒక ఆదివారం భద్రాచలం బస్సు కిక్కిరిసి ఉంది. ఒళ్లో పెట్టుకుందామంటే నిలబడటానికే చోటు లేదు. కండక్టరు నా భుజం మీది సంచీ లాగి, "ఇటియ్యమ్మా, అందరికి గుచ్చుకుంటున్నది" అని డ్రైవరు పక్కన ఇంజిన్ మూత మీద పడేశాడు. ఇంజిన్ మూత అంటే తెలుసుగా, చెయ్యి పెడితే కాలుతుంది. సంచీ ఇవ్వండి, అందులో చెక్క వాయిద్యం ఉంది అని చెప్పాలి. ఎనిమిది మాటలు లేవు. నా ముందు ముగ్గురున్నారు, వాళ్లను దాటి వినబడేలా అరవాలి. రెండుసార్లు నోరు తెరిచాను. పాల్వంచ పోయింది, భద్రాచలం వంతెన వచ్చింది, నేను అరవలేదు.

బడిలో సంచీ విప్పితే, పైచెక్క మీద రంధ్రం దగ్గర నుంచి కింది దాకా సన్నని పగులు. మీటితే లోపల కందిరీగ ఉన్నట్టు జుమ్మంటోంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ముందు వరసలోని ఒక పిల్ల దాని మీద చెయ్యి వేసి, "టీచర్, దీనికి జరమొచ్చిందా?" అని అడిగింది. ఆ వారమంతా నా గొంతు మళ్లీ మొదటి వరస దగ్గరే ఆగిపోయింది. శుక్రవారం పెద్ద మేడమ్ వచ్చి, ఏమైందని అడిగి, నేను నసుగుతుంటే, "సోమవారం మళ్ల వస్త" అని వెళ్లిపోయింది.

ఆ శనివారం ఇంటికి వెళ్లి యుకలేలేను నాన్న ముందు పెట్టాను. ఆయన అలవాటుగా తట్టాడు. డొల్లగా మోగింది. ఇంకోసారి తట్టి చూసి, పక్కన పెట్టాడు. నేను డైరీ తీసి, ఆ పేజీ చదవడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు, వారం రోజుల కోపం.

"ఏమంటున్నవు? గట్టిగ" అన్నాడు నాన్న.

మళ్లీ చదివాను.

"వినబడ్తలేదు బిడ్డా. గట్టిగ చదువు."

"ఇంత గట్టిగ చదువుతుంటే వినబడదేంది నాన్నా!" అని అరిచేశాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి నిలబడింది. నేను ఆగలేదు. లామినేట్ అని రాసిన చోటు, పగలదు అని రాసిన చోటు, తారీకుతో సహా, పక్క క్వార్టరు వాళ్లు తలుపు తీసేంత గట్టిగా చదివాను.

అంతా విని నాన్న డైరీ తీసుకుని ఆ తారీకు చూశాడు. "మరి అప్పుడు చెప్పకపోతివి" అన్నాడు. ఆ తరువాత, అమ్మ వైపు చూడకుండా, "నాకు ఆ మొదటిది అసలు వినబడలే. బాయిల మందు పేలుళ్లకు చెవులు ఎప్పుడో పోయినయి. ఖంగుమన్న ఆ ఒక్కటే వినబడ్డది. వినబడ్డదే మంచిదనుకున్న" అన్నాడు. ఈ సంగతి రిటైరవక ముందు బాయిలో చెబితే పని పోతుందని దాచాడు. తరువాత అలవాటై మాకూ చెప్పలేదు. పక్కనే ముప్పై ఏళ్లు బతికిన అమ్మకు కూడా తెలియదు. నోరు తెరవనిది మా ఇంట్లో నేనొక్కదాన్నే కాదన్నమాట.

మర్నాడు పొద్దున్నే ఖమ్మం బస్సెక్కాం. షాపాయనతో నేనే మాట్లాడాను. లామినేట్‌వి మూడు తీయించి, మెట్ల అంచుల మీద వేలు నడిపి, పన్నెండో మెట్టు నొక్కి చూసి, మరలు తిప్పి చూసి ఒకటి ఎంచుకున్నాను. నాన్న తట్టలేదు, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. బస్సులో కండక్టరు సంచీ వైపు చెయ్యి చాచితే, "ఇయ్యను" అన్నాను. సోమవారం పెద్ద మేడమ్ వచ్చింది, పాట అయ్యేదాకా నిలబడింది, వెళ్తూ వెళ్తూ, "స్టోర్ రూంకు ఇంకెవర్నన్న చూసుకోవాలె ఇగ" అంది.

నాలుగేళ్లయింది. ఆ లామినేట్ యుకలేలే ఆటోలోంచి పడింది, వాగులో తడిసింది, రైలు కోసం డోర్నకల్లో కూర్చున్నప్పుడు తలగడైంది. గీతలు తప్ప ఏమీ కాలేదు. నాన్న పనిచేసిన బాయి మూసేశారు, ఇప్పుడు అంతా పైనుంచే తవ్వుతున్నారు, చేతికర్రతో కప్పును తట్టి వినేవాళ్లు మా క్వార్టర్లలో ఇక ఎవరూ లేరు. పగిలినది మా ముందుగది గోడకు వేలాడుతోంది. దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది, దానికన్నా నాన్నకు అది ఒక్కటే వినబడేదన్న సంగతికి ఇంకా ఎక్కువ మండుతుంది.

పిన్ని కూతురికి జవాబు టైపు చేసి, చెరిపేసి, ఫోన్ చేశాను. లామినేట్‌దే తీసుకో అని గట్టిగా, రెండుసార్లు చెప్పాను. అసలు చెక్క ఎంత తీయగా మోగుతుందో మాత్రం చెప్పలేదు. సెలవులకు ఇంటికి వెళ్లి నేను నా లామినేట్‌ది వాయిస్తుంటే నాన్న పక్కన కూర్చుని, అదురు పట్టడానికి దాని వెనక చెక్క మీద అరచెయ్యి ఆనిస్తాడు. ఏమన్నా తెలుస్తోందా నాన్నా అని అరుస్తాను. కొద్దిగ, అంటాడు.